కావలికుక్క కడుపులోని పురుగులు

మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు పరిసర గ్రామములకు పోవువారికి ఉడికిన పసుపు వాసన ముందుగా ఎదురు వచ్చును. కళ్ళములలో కొమ్ములు ఎండుచుండును. రాత్రి వాటికి కావలి కుక్క. పగలు పిల్లలకు ఆటతోడు కూడ అదియే. శ్రోతలలో పలువురి యిండ్లలో ఇట్టి నేస్తము ఉండనే యుండును. దాని కడుపులోని సంగతి నేడు ముచ్చటించుకొందము.

కుక్క ప్రేగులలో ఏలికపాములు, బద్దెపురుగులు, కొంకిపురుగులు చేరును. మనకు ఎక్కువ చిక్కు కొంకిపురుగుతోనే. దాని గ్రుడ్లు మలముతో నేలబడి, తేమనీడలో పిల్లపురుగులై, చెప్పులు లేని కాలిచర్మమును తొలుచుకొని లోనికి పోవును. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అను శాస్త్రజ్ఞుడు పిల్లపురుగులున్న నీటిని చేతిపై ఒలుకబోసికొని, అచట మంట పుట్టుట గమనించి ఈ మార్గమును కనిపెట్టెను. ఎండకాగిన కళ్ళమున వీటికి బ్రతుకు లేదు. నీళ్ళతొట్టి ప్రక్క బురదనీడయే వీటికి అనువు. మన పిల్లలు ఆడుకొనునదియు అచటనే.

మలమును చిక్కని ఉప్పునీటిలో కలిపినచో గ్రుడ్లు పైకి తేలును. వానిని సూక్ష్మదర్శినితో చూతురు. చౌకయైన, మంచి పరీక్ష. కాని కుక్కలో నుండు రెండు ముఖ్యమైన కొంకిపురుగు జాతుల గ్రుడ్లు ఒక్క పోలికనే యుండును. వాటిలో సింహళము పేరు పెట్టుకొన్న ‘సెలానికం’ మనిషి ప్రేగులలోను పెరిగి రక్తము పీల్చగలదు. ఏది ఏదో కన్ను చెప్పజాలదు.

పి.సి.ఆర్. పరీక్ష చెప్పగలదు. 1983లో కేరీ మలిస్ దీనిని ఊహించి, 1993లో నోబెల్ బహుమానము పొందెను. పురుగు డి.ఎన్.ఎ.లో ఆ జాతికే చెందిన ముక్కను పట్టుకొని, వేడి చేయుచు చల్లార్చుచు రెట్టింపు చేయుదురు. ఒకటి రెండగును, రెండు నాలుగగును. 30 పర్యాయములకు లెక్కప్రకారము 107 కోట్లు దాటును. అస్సాం తేయాకు తోటలలో కుక్కల కొంకిపురుగులను ఈ విధముననే వేరు పరచి చూచిరి.

దీనికిని హద్దులున్నవి. వెదకిన పురుగునే ఇది చూపును. ఇతర జంతువు మలమును తిన్న కుక్కలో, ఊరక దాటిపోవు గ్రుడ్లను కూడ పట్టవచ్చును. కనుక ప్రతి కుక్కకును ఇది అవసరమని చెప్పను. మందు వేసినను గ్రుడ్లు మరల మరల కనబడునప్పుడు, ఇంటి పిల్లలకు రక్తహీనత యున్నప్పుడు పశువైద్యుని అడుగదగినది. ఆర్మూరునకు సమీపమున కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. ఫిబ్రవరి 10న బడిలో పిల్లలకు పురుగుల మాత్ర ఇత్తురు. వాకిట కుక్కకు మందు లేనిచో ఆ నేల మరల కలుషితమగును. కుక్కపిల్లలకు రెండు వారముల ప్రాయముననే మందు మొదలిడవలెను. పసుపు ముద్ద పెట్టితిమి, చాలదా అని మా ప్రాంతమువారు అడుగుదురు. పసుపుపై నాకును అభిమానమే. కాని ఆ మందుకు అది బదులు కాదు.

పరీక్షకు మలమును ప్రొద్దుటనే, ఎండ తగులకముందే, మూతగల శుభ్రమైన డబ్బాలో తీసికొని పోవలెను. ఒక దినము నిలువయున్నచో గ్రుడ్లు చిట్లి పిల్లపురుగులగును.