రికార్డు ప్లేయరు గొంతు ఎందుకు తగ్గింది?

మీలో చాలామంది గ్రామఫోను రికార్డును సినిమాల్లోనే చూసి ఉంటారు. మా చిన్నతనంలో కోరుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట పెళ్ళి జరిగినా మైకు సెట్టు రావలసిందే. కొబ్బరిచెట్టుకు హారన్ కట్టి, అరుగు మీద రికార్డు ప్లేయరు పెట్టి పాటలు వేసేవారు. లక్ష్మీనరసింహస్వామి వారి తీర్థం రోజుల్లో అయితే కొండ కిందంతా పాటలే.

మా చిన్నాన్న ఆ మైకు సెట్టు పని చేసేవాడు. క్యాసెట్లు వచ్చాక మానేశాడు గానీ, రికార్డులను మాత్రం ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు. ఘంటసాల గారు 1974లో కన్నుమూశాక విడుదలైన భగవద్గీత రికార్డు కూడా అందులో ఉంది. పాత ప్లేయరు ఎప్పుడో పాడైపోయింది. తెలిసినవారొకరు విదేశం నుంచి వస్తూ, వాడిన ప్లేయరు ఒకటి తెచ్చి ఇచ్చారు. దాన్ని యాంప్లిఫయర్ వెనుక ‘ఫోనో’ అని రాసి ఉన్నచోట తగిలించి రికార్డు వేస్తే, పాట నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే పాటతోపాటు బుస్సుమని హోరు! రిపేరు షాపులో చూపిస్తే, “కార్ట్రిడ్జి పోయిందండి, పారేసి వేరేది వేయించుకోండి” అన్నారు. చిన్నాన్నకు విసుగొచ్చి, రికార్డులు కూడా పాత సామాన్లవాడికి వేసేద్దామన్నాడు. తీరా చూస్తే కార్ట్రిడ్జికి ఏ రోగమూ లేదు. ఎవరూ లెక్క కట్టకపోవడమే అసలు లోపం. ఆ లెక్కే మీకు చెప్పాలని ఈ వ్యాసం.

రికార్డు మీద ఉండే సన్నని గాడిలో సూది కదులుతుంది. ఆ కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బీయే కార్ట్రిడ్జి. మైకు సెట్టు వాళ్ళు ఎక్కువగా వాడినది సిరామిక్ రకం. అందులోని పలుకును సూది నొక్కినప్పుడు వోల్టేజి పుడుతుంది. అది వందల మిల్లీవోల్టులు ఉంటుంది కాబట్టి నేరుగా యాంప్లిఫయర్‌కు ఇస్తే సరిపోయేది. మిగిలిన రెండు రకాలూ పదో తరగతిలో మనం చదువుకున్న ఫారడే సూత్రం మీద నడుస్తాయి. ఒకదానిలో తీగచుట్ట కదలకుండా ఉంటుంది, సూదితోపాటు అయస్కాంతం కదులుతుంది. చుట్ట కదలదు కాబట్టి దానికి ఎన్ని చుట్లయినా చుట్టవచ్చు. దీనినుంచి సుమారు 5 మిల్లీవోల్టులు వస్తుంది. రెండోదానిలో అయస్కాంతం కదలదు, తీగచుట్టే సూది పుల్లను పట్టుకొని ఊగుతుంది. ఊగేది బరువుగా ఉంటే సూది గాడిలోని సన్నని వంపులను అందుకోలేదు. అందుకని చుట్లు చాలా తక్కువగా చుడతారు. ఫలితంగా వచ్చే వోల్టేజి కూడా 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులే. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం డెనాన్ వారు 1960లలో తయారుచేసిన డీఎల్-103 ఈ జాతిదే. దాని వోల్టేజి 0.3 మిల్లీవోల్టు, చుట్ట నిరోధం 40 ఓములు. మా చేతికి వచ్చిన ప్లేయరులో ఉన్నదీ అదే.

ఇక లెక్క చూద్దాం. యాంప్లిఫయర్ బాగా పలకాలంటే సుమారు 300 మిల్లీవోల్టులు అందాలి. మా ఫోనో భాగం వచ్చినదాన్ని 100 రెట్లు పెంచుతుంది. డెసిబెల్స్‌లో అది 40. (10 రెట్లు అయితే 20, 100 రెట్లు అయితే 40, 1000 రెట్లు అయితే 60 అని గుర్తుపెట్టుకుంటే చాలు.) కదిలే అయస్కాంతం రకానికి 5 × 100 = 500 మిల్లీవోల్టులు, దండిగా సరిపోతుంది. మాదానికి 0.3 × 100 = 30. అంటే కావలసినదానిలో పదోవంతు! మాకు కావలసింది 1000 రెట్లు, అంటే 60 డెసిబెల్స్.

ఆ తక్కువైన పది రెట్లు వాల్యూమ్‌తో పెంచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకున్నాను. ఒక జిరాక్స్ ఊహించుకోండి. చిన్న అక్షరాల కాగితం మీద దుమ్ము పడ్డాక పెద్దది చేస్తే దుమ్ము మచ్చలు కూడా పెద్దవవుతాయి. ముందే పెద్దది చేసిన కాగితం మీద అదే దుమ్ము పడితే పెద్దగా కనిపించదు. ఫోనో భాగం తనంతట తాను కొంత హోరు పుట్టిస్తుంది. అది ప్రవేశం దగ్గర 1 మైక్రోవోల్టు అనుకుందాం. 5 మిల్లీవోల్టుల పాట ముందు అది 5000వ వంతు, చెవికి ఆనదు. 0.3 మిల్లీవోల్టు ముందు అదే 300వ వంతు! తరువాత వాల్యూమ్ ఎంత తిప్పినా రెండూ కలిసే పెరుగుతాయి. కాబట్టి పెంపు మొదట్లోనే జరగాలి.

అలాగని ఎక్కువ పెంచినా ప్రమాదమే. 5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జిని పొరపాటున 1000 రెట్ల చోట తగిలిస్తే 5 వోల్టులు వస్తుంది. పాటలో పెద్ద ఉరుము వచ్చినప్పుడు దానికి నాలుగైదు రెట్లు. లోపలి సర్క్యూట్ 15 వోల్టుల సరఫరా మీద నడుస్తుంటే అంత ఎత్తు ఎక్కడ ఇవ్వగలదు? శబ్దం తల తెగి బరబరలాడుతుంది.

మేము ట్రాన్స్‌ఫార్మర్ దారి పట్టాం. కార్ట్రిడ్జికీ ఫోనోకీ మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, దానికి కరెంటు సరఫరా అక్కరలేకుండానే వోల్టేజి పెరుగుతుంది. ఆశకొద్దీ 1:30 తీసుకుందామన్నాను. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఫోనో ప్రవేశంలో ఉండే 47,000 ఓముల నిరోధం, ట్రాన్స్‌ఫార్మర్ అవతలి నుంచి చూస్తే చుట్ల నిష్పత్తి వర్గంతో భాగించినట్టు కనిపిస్తుంది. 30 వర్గం 900 కాబట్టి 52 ఓములు! 40 ఓముల కార్ట్రిడ్జికి 52 ఓముల బరువు పెడితే దాని వోల్టేజిలో నలభై శాతం పైగా దాని చుట్టలోనే పోతుంది. 30 రెట్లు అనుకున్నది 17 అవుతుంది, స్వరం తీరూ మారుతుంది. 1:10 అయితే 470 ఓములు. పోయేది స్వల్పం, 9.2 రెట్లు చేతికొస్తుంది. ఆ తరువాత ఫోనో 100 రెట్లు. మొత్తం 0.3 × 920 = 276 మిల్లీవోల్టులు. సరిపోయింది.

పెట్టిన మొదటి రోజు గుయ్‌మని 50 హెర్ట్‌జ్ మోత వచ్చింది. రికార్డు కోసేటప్పుడు లోస్వరాలను తగ్గించి కోస్తారు. 1954లో అందరూ ఒప్పుకొన్న ఆర్‌ఐఏఏ కొలత ప్రకారం ఫోనో వాటిని తిరిగి పెంచుతుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర ఆ పెంపు 1000 హెర్ట్‌జ్ కన్నా ఏడు రెట్లు ఎక్కువ, అందుకే కరెంటు మోత అంతగా బలుస్తుంది. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను యాంప్లిఫయర్ పక్కనుంచి రెండడుగులు జరిపి, భూమి తీగ బిగించాక తగ్గింది.

ఇంకొక జాగ్రత్త. కార్ట్రిడ్జి బతికుందో లేదో చూద్దామని మల్టీమీటరు ఓముల మీద పెట్టి తాకించకండి. మీటరు పంపే కరెంటుకు ఆ సన్నని చుట్ట దెబ్బతినవచ్చు. నేను తాకించబోతుండగా ఒక మిత్రుడు చెయ్యి పట్టుకున్నాడు.

భగవద్గీత రెండు వైపులా విన్నాక చిన్నాన్న రికార్డులు తుడిచి మళ్ళీ పెట్టెలో సర్దాడు. తాళం మాత్రం ఇప్పటికీ నాకివ్వలేదు.