సింగపూర్ రూలు నెల్లూరులో చెల్లుతుందా?

పొద్దున ఎనిమిదిన్నరకు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి దగ్గర కాసేపు నిలబడితే నెల్లూరు ట్రాఫిక్ జాతకం తెలిసిపోతుంది. స్కూటర్ మీద తండ్రి, ముందు నిలబడ్డ చిన్నది, వెనక పుస్తకాల సంచీతో పెద్దది. పక్కనే జనాన్ని కుక్కుకున్న షేర్ ఆటో. దాని వెనక హారన్ ఆపని కాలేజీ బస్సు. కార్లు వీటి మధ్య ఇరుక్కుని ఉంటాయి. గట్టి వాన పడి బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయంటే, రైలు పట్టాలకు అటు ఊరు అటే, ఇటు ఊరు ఇటే.

రోడ్లు వెడల్పు చేయకుండా, జనం ఎప్పుడు, ఎటు, దేనిమీద వెళ్లాలన్నది సర్దే పద్ధతిని ట్రావెల్ డిమాండ్ మేనేజ్‌మెంట్ అంటారు. దీనికి పెద్దన్న సింగపూర్. 1975 జూన్‌లో, పొద్దుటి రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు కారులో రావాలంటే రోజుకు 3 డాలర్ల లైసెన్సు కొనాలన్నారు. నలుగురున్న కారుకు రుసుం లేదు. ఇంకేం, డ్రైవర్లు బస్టాపుల దగ్గర ఆగి ముక్కూమొహం తెలియని వాళ్లను పిలిచి మరీ ఎక్కించుకున్నారు. కార్ల రాక బాగా తగ్గింది. అయితే కార్లు పొలిమేరలో వదిలి బస్సెక్కమని కట్టిన పార్కింగ్ స్థలాలు మాత్రం బోసిపోయాయి. రూలు పుట్టిన ఊళ్లోనే సగం పారింది, సగం పారలేదు.

మరి దాన్ని ఎత్తుకొచ్చి వేరే ఊళ్లో పెడితే?

జవాబు కోసం విజయవాడ వెళ్తే చాలు. కొలంబియా రాజధాని బొగోటా 2000లో బస్సులకు విడిగా దారులిచ్చి పేరు తెచ్చుకుంది. ఆ నమూనాను మన దేశంలో చాలా నగరాలు అందుకున్నాయి. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ నిలదొక్కుకుంది. ఢిల్లీలో 2008లో వేసిన 5.8 కిలోమీటర్ల దారిని 2016లో పగలగొట్టారు. విజయవాడలో బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) రోడ్డనే పేరు మాత్రం ఉంది. ఆటోవాళ్లను అడిగితే టక్కున చూపిస్తారు. ఆ పేరుకు అర్థమేమిటో ఎవరికీ పట్టదు.

ఢిల్లీ సరి-బేసి మరో పాఠం. 2016 జనవరి 1 నుంచి 15 వరకు నంబరును బట్టి కార్లను రోజు మార్చి రోజు ఆపారు. ద్విచక్ర వాహనాలను వదిలేశారు. వాటినీ ఆపితే అంతమందిని మోసే బస్సులూ మెట్రోలూ ఎక్కడివి? నెల్లూరులో బళ్లను వదిలేస్తే ఆపడానికి మిగిలేది తక్కువ. ఆపితే పిల్లలు బడికెలా పోతారు? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

అరువు తెచ్చినదాన్ని సరిగా కుట్టించుకున్న ఉదాహరణ కూడా ఇంట్లోనే ఉంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు 2019లో ఢిల్లీలో, తర్వాత తమిళనాడు, కర్ణాటకల్లో వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి అయింది. అక్కడ గిరాకీ పోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలుపెట్టినప్పుడు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా చేర్చి, తిరుమల కొండెక్కే సప్తగిరి బస్సులను మినహాయించింది. అక్టోబరులో ఆటో డ్రైవర్లకు ఏటా 15 వేల రూపాయల సాయమూ మొదలైంది. పక్కవాడికి తగిలిన దెబ్బ చూసి నేర్చుకోవడమంటే ఇదే.

నిజానికి నెల్లూరుకు ఈ విద్య కొత్త కాదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు లక్షల జనం స్వర్ణాల చెరువు చేరతారు. అప్పుడు బళ్లను దూరంగానే ఆపి, దారులు మళ్లిస్తారు. జనం ఏ గొణుగుడూ లేకుండా నడుస్తారు. కొద్ది రోజులకు చేతనైంది, మామూలు రోజుల్లో ట్రంకు రోడ్డు పార్కింగుకు ఎందుకు చేతకాదు?

హైదరాబాద్ నుంచీ ఒకటి తెచ్చుకోవచ్చు. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను ఒకేసారి కాకుండా విడతలుగా ఇళ్లకు పంపమన్నారు. నెల్లూరులో ఐటీ గుంపు లేదు, కాలేజీల గుంపుంది. స్కూళ్లకూ కాలేజీలకూ అరగంట ఎడం పెడితే అండర్‌బ్రిడ్జికి ఊపిరాడుతుంది. దీనికి కెమెరాలక్కర్లేదు, యాజమాన్యాలను ఒక గదిలో కూర్చోబెడితే చాలు. ఆ కూర్చోబెట్టడమే కష్టమనుకోండి.

రుసుముల మాటెత్తే ముందు స్టాక్‌హోం వరుస చూడాలి. అక్కడ కార్లపై రుసుం 2006 జనవరిలో ప్రయోగంగా మొదలైంది, ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. కానీ అదనపు బస్సులు 2005 ఆగస్టులోనే రోడ్డెక్కాయి. మైపాడు బీచి నెల్లూరుకు 25 కిలోమీటర్ల దూరం. ఆదివారం సాయంత్రం అక్కడ బళ్లకు టోకెన్లు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే, చీకటి పడ్డాక కూడా తిరిగొచ్చే బస్సులను ముందు వేయాలి. టోకెన్ల సంగతి ఆ తర్వాత.