మీకు తెలుసా? మధ్యాహ్నపు ఎండ రాత్రికి గదిలోకి వస్తుంది!

జనవరి రాత్రుళ్లు లేహ్‌లో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలకు పడిపోవడం మామూలే. అయినా లడఖ్‌లోని కొన్ని మట్టి ఇళ్లు పొయ్యి రాజేయకుండానే వెచ్చగా ఉంటాయి. ఆ పని దక్షిణపు గోడ చూసుకుంటుంది.

గోడకు బయటివైపు నల్లరంగు పూసి, కొద్ది అంగుళాల ఖాళీ వదిలి, ముందు గాజు బిగిస్తారు. ఆ ఖాళీలో వేడెక్కిన గాలి గోడ పైకన్నాల గుండా గదిలోకి వస్తుంది. గదిలోని చల్లగాలి కిందికన్నాల గుండా అక్కడికి చేరుతుంది. ఫ్యాను లేదు, కరెంటు లేదు. మట్టిలోకి ఇంకిన వేడిది మాత్రం నత్తనడక, గంటకు ఇంచుమించు అంగుళం. అడుగు మందం గోడ దాటేసరికి రాత్రవుతుంది.

పొద్దుగూకగానే కన్నాలు మూసెయ్యాలి. మరిచారా, గాలి ఎదురు తిరిగి గదిలోని వేడినే గాజు దగ్గరికి మోసుకుపోతుంది!

ఫ్రెంచి శాస్త్రవేత్త ఫెలిక్స్ ట్రాంబ్ పేరిట దీన్ని ట్రాంబ్ గోడ అంటారు. నిజానికి అమెరికాలో ఎడ్వర్డ్ మోర్స్ ఇలాంటి ఏర్పాటుకు 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. పాపం, పేరు దక్కలేదు.

మరి ఎండాకాలం? లేహ్‌లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు డిసెంబరులో దిగంతానికి 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, జూన్‌లో దాదాపు 80కి ఎక్కుతాడు. చూరు కాస్త ముందుకు దింపితే గోడకు నీడే. ఫే గ్రామం దగ్గర, 2016లో అంతర్జాతీయ టెర్రా అవార్డు గెలిచిన సెక్‌మాల్ అనే విద్యాసంస్థ మట్టి భవనానిది ఇంకో దారి: చలికాలంలో దక్షిణం వైపు ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ తొడుగుతారు, వేసవిలో విప్పేస్తారు.