పాత రేకులు దింపే ముందు

ఆ రోజు ఓ.పి. ముగించి లేవబోతుంటే ఒక పంతులుగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆయనకు జబ్బేమీ లేదు. మనసులో మాట ఒకటి ఉంది. "సార్, మా ఇంటి రేకులు దించి స్లాబు వేద్దామనుకుంటున్నం. అవి కాన్సరు రేకులంటున్నరు గద. నలభై ఏండ్లు వాటి కిందనే పండినం. మా అమ్మకు, పిల్లలకు ఏమన్న అయితదా?" అని అడిగారు.

నేను పనిచేసేది సిద్దిపేట జిల్లా ములుగులో. మేడారం జాతర జరిగే ములుగు జిల్లా వేరు. ఇది హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి పక్కన, ఒంటిమామిడి కూరగాయల మార్కెట్టు దగ్గర ఉన్న ములుగు. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. నగరం ఇటువైపు పెరుగుతూ వచ్చింది, భూముల ధరలూ పెరిగాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే జనం మొదట చేసే పని రేకులు దింపి స్లాబు వేసుకోవడం. అంత స్తోమత లేనివారి రేకులను కోతులు పగలగొడుతున్నాయి. ఒక కోతి దూకితే చీలిక, మంద దూకితే ముక్కలు. వడగండ్ల వాన పడిన ఏడాది చెప్పనే అక్కరలేదు. ఏ వీధిలో చూసినా గోడ పక్కన బూడిదరంగు రేకుల ముక్కల కుప్ప, దాని మీద ఆడుకునే పిల్లలు కనిపిస్తారు.

అందువల్ల పంతులుగారికి చెప్పిన జవాబు పాఠకులందరికీ చెప్పదగినదే. ఆ రేకు పగలకుండా, ఎవరూ ముట్టకుండా కప్పు మీద ఉన్నంతకాలం దాని వల్ల వచ్చే ప్రమాదం చాలా తక్కువ. మీరు దానిని దింపే రోజే అసలైన ప్రమాదం. నలభై ఏళ్ళలో ఊడిరాని దుమ్ము ఒక్క పూటలో, ఒక్క సుత్తెతో ఊడివస్తుంది.

ఆస్‌బెస్టాస్ కు మన నిఘంటువులలో రాతినార అనే మాట ఉంది. ఎవరు కల్పించారో గాని చక్కని మాట. అది నిజంగా రాయే, కాని నారలాగా పీచులు పీచులుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీళ్ళకు కుళ్ళదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి. ఇప్పుడు రేకుల ఫ్యాక్టరీలు రష్యా మొదలైన దేశాల నుంచి తెప్పించుకుంటున్నాయి. నూరు పాళ్ళ రేకులో ఈ నార పది పాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది, మిగిలినది ముఖ్యంగా సిమెంటు. హైదరాబాదు సనత్‌నగర్ లో ఆస్‌బెస్టాస్ సిమెంటు కంపెనీ 1946లోనే మొదలైంది. పెంకుటింటికి ఏటా పెంకు సర్దుకోవాలి, గడ్డి కప్పుకు నిప్పు భయం. ఈ రేకు వచ్చి బీదవాడి నెత్తిమీద ఆ రెండు బాధలూ తీర్చింది. ఆ సంగతి మరచి ఇప్పుడు దానిని తిట్టడం న్యాయం కాదు.

మరి చిక్కెక్కడ వచ్చింది? రేకును కోసినా, విరిచినా, చిల్లు పొడిచినా, ఎండిన ముక్కలను చీపురుతో ఊడ్చినా ఆ నార గాలిలో లేస్తుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల లోతులకు చేరే పీచు మందం 3 మైక్రాన్ల కంటె తక్కువ. కంటికి కనిపించదు, ముక్కులో ఆగదు. లోపలికి చేరిన చెత్తను మింగి జీర్ణం చేసే కణాలు మన ఊపిరితిత్తులలో ఉన్నాయి. అవి ఈ రాతి పీచును మింగబోయి తామే చస్తాయి. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి మెత్తని స్పంజి లాంటి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీనినే ఆస్‌బెస్టోసిస్ అంటారు. ఇది గాక ఊపిరితిత్తుల కాన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే మరో కాన్సరు కూడా రావచ్చు. తెల్లనార, నీలినార అన్న తేడా లేకుండా అన్ని రకాలూ కాన్సరు కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరలో, ఒకప్పుడు మనకు ఈ నార అమ్మిన కెనడా 2018లో దీనిని నిషేధించాయి. మన దేశంలో తెల్లనారతో రేకులు చేయడం, అమ్మడం ఇంకా చట్టబద్ధమే.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందట మరో ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు యాభై దాటిన మనిషి ఒకడు ఆయాసంతో, పొడిదగ్గుతో వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఎక్స్‌రేలో కింది భాగాన నీడలు ఉన్నాయి. అలాంటి ఎక్స్‌రే చూడగానే మన దేశంలో డాక్టరు కలం క్షయ మందుల వైపే పోతుంది. నాదీ అటే పోయింది. కఫంలో క్రిములు కనిపించలేదు. అయినా ఆరు నెలలు మందులు మింగించాను. ఆయాసం తగ్గకపోగా పెరిగింది. అప్పుడు గాని, "ఏం పని చేసేవాడివి నాయనా?" అని అడగాలని నాకు తోచలేదు. "రేకుల పని సారూ. ఇరవై రెండేండ్లు రేకులు కోసిన, దించిన. పొద్దుమీకి పిండిగిర్ని పనోని లెక్క తెల్లగయ్యేది" అన్నాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి పంపించాను. స్కానింగులో ఊపిరితిత్తుల మచ్చలు, పైపొర మీద గట్టి పలకలు స్పష్టంగా కనిపించాయి. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఆరు నెలల మందుల బాధ తప్పేది. ఊపిరితిత్తులు మాత్రం బాగయ్యేవి కావు, వాటిని వెనక్కు తెచ్చే మందు ఈనాటికీ లేదు. మూడేళ్ళ తరువాత అతను పోయాడు.

అతని భార్య రోజూ ఆ చొక్కా దులిపి, ఉతికి ఆరవేసేది. గుడ్డల దుమ్ము వల్ల ఇంటి ఆడవాళ్ళకు జబ్బు చేసిన ఉదాహరణలు పై దేశాల వైద్య చరిత్రలో చాలా ఉన్నాయి. ఆమెకూ ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదు. ఇప్పటికీ ఏడాదికొకసారి వచ్చి చూపించుకుంటుంది.

ఈ జబ్బుకు తొందర లేదు. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పయి, నలభై ఏళ్ళకు బయటపడుతుంది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల కేసులో తీర్పు చెబుతూ, వారి ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు గాని, ఉద్యోగం మానిన తరువాత 15 ఏళ్ళు గాని, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. అది ఫ్యాక్టరీ కార్మికుడి సంగతి. మన వీధిలో రేకులు దింపే మేస్త్రీ వివరాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

పంతులుగారి భయం సంగతి. రేకుల కింద నిద్రపోయినందుకు కుటుంబమంతా స్కానింగులకు పరుగెత్తనక్కరలేదు. ఒకసారి రేకు విరిగి దుమ్ము రేగినంత మాత్రాన కాన్సరు వచ్చి తీరుతుందనీ కాదు. పీల్చిన దుమ్ము ఎంత, ఎన్నేళ్ళు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. పొగతాగే అలవాటు ఉంటే లెక్క మారిపోతుంది. అమెరికాలో సెలికాఫ్, హామండ్ అనే ఇద్దరు 1979లో ప్రకటించిన లెక్క ప్రకారం, రెండూ లేనివారితో పోల్చితే, పొగతాగకుండా రాతినారతో పనిచేసినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు మరణాలు 5 రెట్లు, పొగ మాత్రమే తాగేవారిలో 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 50 రెట్లు దాటాయి. కాబట్టి మీ ఇంటి రేకులు దింపే మనిషి చెవి వెనక బీడీ ఉందేమో చూడండి.

ఆస్ట్రేలియాలో 10 చదరపు మీటర్లకు మించిన రేకులు దింపాలంటే లైసెన్సు ఉన్న పనివారినే పిలవాలి. అది మన ఇంట్లో ఒక చిన్న గది కప్పంత మాత్రమే. మన వైపు ఆ పని మేస్త్రీయే చేస్తాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. కనుక ఇంటి యజమానే కొంత తెలుసుకొని దగ్గరుండి చేయించాలి.

అన్నిటికంటె ముందు, పాత రేకు మీద ఎవరినీ కాలు పెట్టనీయకండి. నా సర్వీసులో రాతినార జబ్బుతో వచ్చినవారి కంటె రేకు విరిగి కిందపడి నడుము విరిగినవారినే ఎక్కువ చూశాను. కింది నుంచి నిచ్చెనలు, పరంజా వేసి పని చేయించాలి. పైకి వెళ్ళక తప్పకపోతే దూలాల మీద ఆనేటట్టు వెడల్పాటి చెక్కలు పరచి, వాటి మీదనే నడవాలి.

ముందు రోజే ఇంట్లో సామాను, బియ్యం, పరుపులు తీసేయండి. కరెంటు ఆపేయండి. బావి, నీళ్ళతొట్టి మూతవేయండి. పిల్లలను, గర్భిణులను, ముసలివారిని ఆ రోజుకు మరో ఇంటికి పంపండి. రేకులను నీళ్ళతో బాగా తడపాలి. బకెట్టు నీళ్ళలో కాస్త సబ్బుపొడి కలిపితే తడి లోపలికి దిగుతుంది. మోటారు పైపుతో గట్టిగా కొట్టకూడదు, తోటకు చల్లినట్టు చల్లాలి. ఆరినకొద్దీ మళ్ళీ చల్లాలి. రాత్రి వాన పడిన మర్నాడు ఈ పనికి మంచి రోజు, గాలి వీచే రోజు చెడ్డరోజు. బోల్టులను విప్పాలి. తుప్పు పట్టి కదలకపోతే బోల్టునే రంపపు బ్లేడుతో కోయాలి గాని, రేకును పగలగొట్టి ఊడదీయకూడదు. కటింగ్ మిషను మాట తలపెట్టనే వద్దు. విప్పిన రేకును ఇద్దరు పట్టుకుని చేతుల మీదుగా దింపాలి. పై నుంచి విసరడం వల్ల మిగిలేది పది నిమిషాలు, రేగేది ఇంటెడు దుమ్ము.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఈ పీచు ఆగదు. కరోనా కాలంలో వాడిన పల్చని మాస్కు పనికిరాదు, ఎన్‌-95 కూడా చాలదు. పి-100 రకం గాని, ఎఫ్‌ఎఫ్‌పి-3 రకం గాని కావాలి. సికింద్రాబాదు రాణిగంజ్ వైపు భద్రతా సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగండి. గడ్డం గీసుకున్న ముఖానికే అది సరిగ్గా అతుక్కుంటుంది. పని అయ్యాక కింద పడిన ముక్కలను తడిపి చేతి తొడుగులతో ఏరాలి, నేలను తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. చీపురు వద్దు. పనివాళ్ళు అక్కడే స్నానం చేసి వేరే గుడ్డలు కట్టుకుని ఇంటికి వెళ్ళాలి. విప్పిన గుడ్డలను దులపకుండా తడిపి విడిగా ఉతకాలి.

దింపిన రేకులు ఏం చేయాలి? మా ఊళ్ళల్లో వాటిని పగలగొట్టి గుంతలు పూడుస్తారు, పునాదిలో పోస్తారు, బాట మీద పరుస్తారు. అన్నిటిలోకీ చెడ్డ పని ఇదే. రోజూ బండ్లు తొక్కి పిండిచేసి వీధంతా పంచుతాయి. మందపాటి పాలిథిన్ షీటులో చుట్టి, టేపు వేసి, పైన ఏమిటో రాసి పెట్టండి. హైదరాబాదు దగ్గర దుండిగల్ లో ప్రమాదకరమైన వ్యర్థాలను పూడ్చే కేంద్రం ఉంది. ఇంటివారు తమంతట తాము మోసుకుపోలేరు గనుక పంచాయతీ ద్వారా గాని, మునిసిపాలిటీ ద్వారా గాని కదలాలి. పశువుల కొట్టానికి వాడుకుంటామంటే నేను వద్దనే అంటాను. వినకపోతే, కోయకుండా, కొత్త చిల్లు పొడవకుండా నిండు రేకునే వేసుకోండి.

రేకులు దింపే శక్తి లేనివారు దిగులుపడనక్కరలేదు. చిన్న చీలికను రంగువేసి మూయవచ్చు. చల్లదనానికి తెల్లరంగు వేయించేవారు మాత్రం ముందుగా ఇనుపబ్రష్షుతో పాచి గీకిస్తారు. ఆ గీకడమే ముప్పు. తడిపి, మెత్తని గుడ్డతో తుడిచి వేయించండి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టాల నీళ్ళు తాగవచ్చా అని కొందరు అడుగుతున్నారు. మింగిన నార హాని చేస్తుందనడానికి నిలకడైన రుజువు లేదు, మన భయమంతా పీల్చినదానితోనే.

పంతులుగారు నా మాట విన్నారు. ముప్పయి నాలుగు రేకులు. "సుత్తెతోని కొడితే రెండు గంటల పని సార్, గింత నసుగుడెందుకు?" అని మేస్త్రీ సణిగాడట. రెండు రోజులు పట్టింది, కూలి రెట్టింపయింది. కోతులు ముందే చీల్చిన మూడు తప్ప అన్నీ నిండుగా దిగాయి.

మరుసటి వారం ఆ మేస్త్రీయే మా ఆసుపత్రికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుగా రేకులు దింపుతున్నాడట. మెట్లెక్కితే ఆయాసమట, వయసనుకున్నాడట. వీపు మీద స్టెత్ పెట్టి వింటే ఊపిరి పీల్చినప్పుడల్లా అడుగున చిటపట వినిపించింది. ఎక్స్‌రేలో పైపొర మీద పలక ఉంది. ఈసారి క్షయ మందులు రాయలేదు. కఫం పరీక్ష చేయించి, ఎర్రగడ్డకు కాగితం రాసి, అందులో అతని పని, ఏళ్ళు కూడా రాశాను. బీడీ కట్ట జేబులోనే ఉంది. మానమన్నాను. చూస్తానన్నాడు.