పగలు నిప్పుల ఎండ.. సాయంత్రం పిడుగులు! తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే

ఉదయం 10 దాటితే బయట కాలు పెట్టలేని ఎండ. మధ్యాహ్నం ఊపిరాడని ఉక్కపోత. సాయంత్రానికి ఒక్కసారిగా నల్లమబ్బు, ఈదురుగాలి, ఉరుములు. మరుసటి రోజు పొద్దున ఫోన్ తెరిస్తే మంటల్లో కొబ్బరిచెట్టు వీడియో, కాలిపోయిన గడ్డివాము ఫొటో. కృష్ణా పశ్చిమ డెల్టాలో వేసవి అంటే ఇదే. ఎండ, పిడుగు, నిప్పు.. ఈ మూడూ వేర్వేరు ప్రమాదాలు అనుకుంటాం. నిజానికి ఒకదాని వెనక ఒకటి వచ్చేవే. ఎలాగో చూద్దాం.

పక్కపక్క ఊళ్లే.. ఎండ మాత్రం ఒకటి కాదు

బాపట్లకు సూర్యలంక తీరం 10 కిలోమీటర్ల లోపే. మధ్యాహ్నం నేల బాగా వేడెక్కాక సముద్రం మీద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అది టైమ్‌కి వస్తే ఉష్ణోగ్రత అక్కడితో ఆగుతుంది. కానీ తెలంగాణ వైపు నుంచి వచ్చే పొడి పడమటి గాలి బలంగా ఉన్న రోజు, సముద్రపు గాలి తీరం దాటి రాలేదు. అలాంటి రోజు బాపట్ల కూడా తెనాలిలాగే మండిపోతుంది.

తెనాలి కాస్త లోపలికి ఉంది. సముద్రపు గాలి అక్కడికి చేరేసరికి ఆలస్యమవుతుంది. అందుకే ఎండ ఎక్కువసేపు నిలబడుతుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు సమస్య వేరు. అక్కడ అంకె తక్కువగా కనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి, 37 డిగ్రీలు కూడా 42లా అనిపిస్తాయి. ‘మా దగ్గర ఎండ తక్కువేలే’ అని తీరప్రాంతం వాళ్లు ధీమాగా ఉండటానికి లేదు.

ఇంకో మాట. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచింది. ఎండలో, తారురోడ్డు మీద, రేకుల షెడ్డు కింద ఉన్నవాళ్లకు తగిలే వేడి అంతకంటే ఎక్కువే.

‘వడగాల్పులు’ అని ఎప్పుడంటారు?

భారత వాతావరణ విభాగానికి దీనికో లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ పెరగాలి. 6.4 డిగ్రీలకు మించి పెరిగితే తీవ్ర వడగాల్పులు. సాధారణంతో సంబంధం లేకుండా 45 డిగ్రీలు తాకినా వడగాల్పే, 47 తాకితే తీవ్ర వడగాల్పు. తీరప్రాంత కేంద్రాలకు మాత్రం 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే కనీసం 4.5 ఎక్కువుంటే చాలు.

అంటే ఒక తీరప్రాంత ఊళ్లో ఆ రోజు సాధారణం 35 అనుకుంటే, 39.5 వచ్చిన రోజే వడగాల్పు కిందకు వస్తుంది. 39 దగ్గర ఆగితే అధికారికంగా రాదు. కానీ పొలంలో మొక్కజొన్న కోసే కూలీకి, రోడ్డు పక్క బండి పెట్టుకున్న వ్యాపారికి ఆ అర డిగ్రీతో తేడా ఏముంటుంది? 2015 మే నెల వడగాల్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది ఏపీ, తెలంగాణ వాళ్లే. హెచ్చరిక రాలేదని ఎండలో నిలబడొద్దు.

ఎండ మండాక పిడుగులెందుకు?

పగలంతా వేడెక్కిన నేల మీద గాలి తేలికై పైకి లేస్తుంది. అదే సమయంలో బంగాళాఖాతం నుంచి తేమ లోపలికి వస్తుంది. మధ్యలో ఎక్కడైనా ద్రోణి ఉంటే, రెండు వైపుల గాలులు అక్కడ కలిసి ఆ తేమను పైకి నెడతాయి. గంట రెండు గంటల్లోనే కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘాలు లేస్తాయి. వాటిలోని మంచు ముక్కలు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్ పోగవుతుంది. అదే పిడుగై పడుతుంది. ఎండ ఎంత మండితే మబ్బుకు అంత బలం. తేమ తోడవ్వాలి, అంతే.

ఇది ఏ స్థాయిలో ఉంటుందో 2018 ఏప్రిల్ 24న చూశాం. ఆ రోజు ఏపీలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ప్రాణాలూ పోయాయి.

మరి నిప్పు సంగతేంటి?

చాలామంది పట్టించుకోనిది ఇదే. ఎండకు కరెంటు వైర్లు సాగి కిందికి వేలాడతాయి. వాన కంటే ముందు ఈదురుగాలి వస్తుంది. ఆ గాలికి వైర్లు ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వలు రాలతాయి. కింద ఉన్నది వారాల తరబడి ఎండిన వరిగడ్డి అయితే ఇంకేముంది? వాన చుక్క పడేలోపే వాము అంటుకుంటుంది. వాన లేకుండా పిడుగు పడినా అంతే.

పొలంలో చెత్తకు, మొక్కజొన్న మోళ్లకు పెట్టిన నిప్పూ అలాగే చేయిదాటుతుంది. ఉదయం గాలి లేదని అంటిస్తారు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. పక్క చేను, అక్కడి నుంచి తాటాకు ఇల్లు. వేసవిలో కాలువల్లో నీళ్లు ఆపేసిన రోజుల్లో మంట ఆర్పడానికి దగ్గర్లో నీళ్లు కూడా దొరకవు. గడ్డివాము కాలితే పోయేది గడ్డే అనుకోవద్దు. గేదెలున్న ఇంట్లో ఏడాది మేత అది.

ఎప్పుడు ఏది ఎక్కువ?

ఏప్రిల్‌లో, మే మొదటి సగంలో ఎండతో పాటు అకాల వర్షాల భయం. కల్లాల్లో మొక్కజొన్న, ఆరబెట్టిన పసుపు తడిసేది, కొల్లూరు లంకల్లో అరటి పడిపోయేది ఇప్పుడే. మే రెండో సగంలో కృత్తిక, రోహిణి కార్తెలు. రోహిణిలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. తుపాను ముప్పు కూడా మే నెలలోనే ఉంది. 1990 మేలో వచ్చిన పెను తుపాను, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా అందుకు ఉదాహరణలు.

నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1. 2025లో మే 24కే వచ్చేశాయి. అన్ని ఏళ్లూ అలా ఉండదు. అవి ఆలస్యమైతే జూన్‌లో కూడా వడగాల్పులు తప్పవు.

ఇవి గుర్తుపెట్టుకోండి

* మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటకు రావద్దు.
* చెట్టు కింద, తాటాకు పాకలో తలదాచుకోవద్దు. పశువుల్ని చెట్టుకు కట్టేయొద్దు.
* పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి, నాడి ఆగితే వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టి, 108కి కాల్ చేయించండి.
* ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడపండి, విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.
* వాములు ఇళ్లకు, కరెంటు లైన్లకు దూరంగా వేయండి. వైర్లు వేలాడుతుంటే 1912కి చెప్పండి. మంట లేస్తే 101.
* పిడుగుల కోసం ‘దామిని’ యాప్ ఉంచుకోండి. మూడు గంటల ముందస్తు హెచ్చరికలు, మండలాల వారీ వడగాల్పుల జాబితా రోజూ చూడండి. విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070.

వారం ముందు వచ్చే అంచనాతో పనులు ప్లాన్ చేసుకోవచ్చు. ఏ ఊరి మీద పిడుగు పడుతుందో మాత్రం అంత ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ కబురు వచ్చేది గంటా, రెండు గంటల ముందే. పొలంలో ఉన్న మీ వాళ్లకు అప్పుడు ఒక్క ఫోన్ కొట్టండి.