విషం గుట్టు చుట్టాల దగ్గర

1899లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హాన్స్ మేయర్, ఇంచుమించు అదే కాలంలో జ్యూరిచ్‌లో చార్లెస్ ఓవర్టన్, ఎవరికి వారు ఒకే సంగతి పట్టుకున్నారు. మత్తుమందు ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే, అంత తక్కువ మోతాదుకే నీళ్లలోని టాడ్‌పోల్ కదలిక మానేస్తుంది. అంటే ఒంట్లోకి పంపకుండానే, సీసాలో నడత చూసి మందు బలం చెప్పొచ్చన్నమాట. 1962లో కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో కార్విన్ హాన్ష్ ఈ ఊహను సమీకరణంలోకి దింపాడు. కంప్యూటరు పని అక్కడి నుంచి మొదలైంది.

కంప్యూటరు అణువును గడులుగా చూస్తుంది. బెంజీన్ వలయం ఉందా? క్లోరిన్ ఉందా? ఉంటే 1, లేకపోతే 0. రసాయనాల సమాచార భాండాగారం పబ్‌కెమ్ వాడే ఒక 'వేలిముద్ర'లో ఇలాంటి గడులు 881. రెండు అణువుల్లోనూ ఉన్న ఒకట్లను, ఏదో ఒకదానిలోనైనా ఉన్న ఒకట్లతో భాగిస్తే వాటి పోలిక ఎంతో తేలుతుంది. ఆపైన జరిగేది మన పెళ్లి పెద్దల విచారణే: పిల్లాడి సంగతి తెలియకపోతే మేనమామలనీ బాబాయిలనీ ఆరా తీస్తారు. అలాగే తెలియని అణువు సంగతి దాన్ని పోలిన, తెలిసిన అణువులను బట్టి అంచనా వేస్తారు. రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని రీడ్-అక్రాస్ అంటారు.

2007లో యూరప్‌లో రసాయనాలను నియంత్రించే రీచ్ చట్టం అమల్లోకి వచ్చాక వేల రసాయనాల భద్రతా వివరాలు ఒకచోట చేరాయి. ఆ రాశితో 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హార్టుంగ్ బృందం ఒక ప్రోగ్రాం తయారుచేసింది. తొమ్మిది రకాల ప్రమాదాల్లో దాని అంచనా సగటున 87 శాతం సరిపోయిందనీ, జంతువులపై చేసిన పరీక్షను మళ్లీ చేస్తే పాత ఫలితమే వచ్చేది 81 శాతం సార్లేననీ ప్రకటించారు. గట్టి దెబ్బే. కానీ ఆ ప్రోగ్రాం చదువుకున్నదీ జంతు పరీక్షల పాఠాలే!

చుట్టాలు మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. పెంటేన్, హెక్సేన్, హెప్టేన్ అన్నదమ్ములు. 5, 6, 7 కార్బన్లు, అంతే తేడా. వేలిముద్రల్లో ముగ్గురిదీ దాదాపు ఒకే ముఖం. అయినా 1960ల్లో జపాన్‌లో హెక్సేన్ కలిసిన జిగురుతో చెప్పులు అంటించిన పనివాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పాయి. కాలేయం హెక్సేన్‌ను 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుస్తుంది. అందులోని రెండు కీటోన్ల మధ్య ఎడం నరాల ప్రోటీన్లను పట్టి ముడివేయడానికి సరిగ్గా కుదురుతుంది. అన్నకీ తమ్ముడికీ ఆ దుర్గుణం లేదనే చెప్పాలి. అందుకే అణువు ఎలా ఉందన్నదొక్కటే కాదు, ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందన్నది కూడా అడగాలి. 2008లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) విడుదల చేసిన క్యూసార్ టూల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఈ రెండో ప్రశ్నకూ చోటిచ్చారు.

హైదరాబాద్ బల్క్ డ్రగ్ కంపెనీలకు ఇదంతా దూరపు కబురేం కాదు. మందులో మిగిలిపోయే మలినం డీఎన్‌ఏను దెబ్బతీస్తుందా అన్న విషయంలో మందుల ప్రమాణాలను దేశాల మధ్య సమన్వయం చేసే సంస్థ ఐసీహెచ్ 2014లో ఇచ్చిన ఎం7 మార్గదర్శకం ఒక్క ప్రోగ్రాం మాటతో సరిపెట్టుకోదు. నిపుణులు రాసిన నియమాలతో నడిచేది ఒకటి, గణాంకాలతో నడిచేది ఇంకొకటి, రెండూ కావాలంటుంది. రెండూ 'ప్రమాదం లేదు' అంటే, బ్యాక్టీరియాపై చేసే ఏమ్స్ పరీక్ష అక్కర్లేదు. రెండింటికీ పొత్తు కుదరకపోతే మనిషి కూర్చుని తేల్చాలి.