ఆరు స్పీకర్లుంటే రెండే పలుకుతాయేం?

ఏరా నాన్నా, హాల్లో 5.1 సెట్టు అమర్చుకున్నావు, లాప్‌టాప్‌లో సినిమా పెట్టావు. ముందున్న రెండే పలుకుతున్నాయి, తక్కినవి మూగనోము పట్టాయంటావు. పాడయ్యాయని అప్పుడే వాటిని కొట్టుకి మోసుకెళ్లకు. చాలాసార్లు తప్పు స్పీకర్లది కాదు. ఇలా కూర్చో, చెబుతాను.

5.1 అంటే ముందు మూడు, పక్కల్లోనో వెనకనో రెండు. ఆ పాయింటు వన్ సబ్‌వూఫర్‌ది. దానికి 120 హెర్ట్జ్‌కి లోపలి బరువైన ధ్వనులే వెళ్తాయి. 80 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు నాలుగు మీటర్ల పైనే. మన రెండు చెవుల మధ్య జానెడు దూరం కూడా లేదాయె, అంత పొడుగు తరంగం ఎటునుంచి వచ్చిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. అందుకే సబ్‌వూఫర్‌ని ఏ మూలన పెట్టినా పెద్ద ఇబ్బంది లేదు. మిగతా ఐదూ మాత్రం వాటి చోట్లలో ఉండాల్సిందే.

ఇప్పుడు లోపం వెతుకుదాం. విండోస్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరువు. ప్లేబ్యాక్ కింద నీ రిసీవర్‌ని, అంటే స్పీకర్లన్నీ తగిలించిన పెట్టెని, ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కు, 5.1 పెట్టి టెస్ట్ చెయ్యి. వంతులవారీగా ఒక్కొక్క స్పీకరూ పలకాలి. ఆరూ పలికాయా, లాప్‌టాప్ నుంచి స్పీకర్ల దాకా దారంతా సవ్యమే, లోపం సినిమా ఫైల్లోనో ప్లేయర్లోనో ఉంది. అసలు 5.1 అన్న మాటే అక్కడ కనబడలేదా, తీగ సంగతి చూడాలి. ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

మొదట తీగ. హెడ్‌ఫోన్ పిన్నుని కళ్లకు దగ్గరగా పెట్టి చూడు. దాని మీద రెండు నల్ల గీతలుంటాయి. అవి పిన్నుని మూడు ముక్కలుగా విడదీస్తాయి. కొస ఎడమ చానెల్‌ది, నడిమి ముక్క కుడి చానెల్‌ది, మొదట్లోది రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. గీతలు మూడుంటే నాలుగో ముక్క మైకుది. ఇక వెనక స్పీకర్లకి చోటేదీ? పాటలు వినే మామూలు బ్లూటూత్‌దీ ఇదే కథ, అదీ రెండు చానెళ్లే.

ఆప్టికల్ తీగ కాస్త నయం. అయితే 5.1 శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకి 46 లక్షల బిట్లు పైచిలుకు కావాలి. దానిలో అన్ని పట్టవు. చెవి గుర్తుపట్టని వివరాలు వదిలేసి కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ మాత్రం హాయిగా వెళ్తాయి. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో థియేటర్లకి వచ్చిన ఈ డాల్బీ డిజిటల్‌కి డీవీడీలో సెకనుకి 4,48,000 బిట్లు మించి అక్కర్లేదు. ఆప్టికల్ వాడితే ప్లేయర్లో పాస్‌త్రూ అన్నది ఆన్ చేసుకో, కుదించిన శబ్దాన్ని విప్పకుండా అలాగే రిసీవర్‌కి పంపుతుంది.

అన్నిటికన్నా మేలు హెచ్‌డీఎంఐ. ఎనిమిది చానెళ్లు కుదించకుండానే మోస్తుంది. కానీ లాప్‌టాప్‌ని టీవీకి కలిపి, టీవీ నుంచి స్పీకర్లకి ఇస్తే చిక్కొస్తుంది. తీగ తగిలించగానే తనకెన్ని చానెళ్లు వచ్చో టీవీ లాప్‌టాప్‌కి చెబుతుంది. రెండే అని చెబితే రెండే వస్తాయి. అందుకని లాప్‌టాప్‌ని ముందు రిసీవర్‌కి కలుపు, బొమ్మ అక్కణ్ణుంచి టీవీకి పోనీ.

ఇక ఫైలు. వీఎల్‌సీ ప్లేయర్లో టూల్స్ కింద కోడెక్ ఇన్ఫర్మేషన్ చూడు. చానెల్స్ దగ్గర '3ఎఫ్2ఆర్/ఎల్‌ఎఫ్‌ఈ' అని ఉంటే ముందు మూడు, వెనక రెండు, సబ్‌వూఫర్ అని అర్థం. స్టీరియో అని ఉంటే ఆ ఫైల్లో ఉన్నవే రెండు. రిసీవర్లో ప్రోలాజిక్ లాంటిది ఆన్ చేస్తే వెనక స్పీకర్లూ పలుకుతాయి గానీ, అది రెండు చానెళ్ల నుంచి ఊహించి అల్లిన శబ్దమే.

ఏ యంత్రం మొరాయించినా ఇదే పద్ధతి నాన్నా. దారిని మధ్యకి విరిచి, ఇటు సగం బాగుందా, అటు సగం బాగుందా అని పరీక్షించు. కొత్తది కొనడం ఆ తరవాతి మాట.